ప్రార్థన పెట్టెలో చీటీ

ఆ ఏడాది వానలు మొదలైన వారానికి, స్కూళ్ళు తెరిచిన పది రోజులకి, రాజమండ్రి నుంచి ఒకావిడ స్కూటరు మీద మా ఊరి హైస్కూలుకి వచ్చింది. పిల్లల మనసు చూడ్డానికి గవర్నమెంటు పంపిందట. ఇకమీదట ప్రతి గురువారం వస్తుందట. పళ్ళు చూసే డాక్టరు, కళ్ళు చూసే డాక్టరు రావడం నేనెరుగుదును. మనసు చూసే మనిషి రావడం, అదీ హెల్మెట్టు పెట్టుకుని రావడం, నా డెబ్బై మూడేళ్ళలో అదే మొదలు.

నేను అప్పుడు కడియం పక్కన మా ఊళ్ళో, అచ్చిబాబు గారి నర్సరీలో, పాక కింద కూర్చుని కవర్లలో మట్టి నింపుతున్నాను. నలభై ఏళ్ళు ఆ నర్సరీలోనే మామిడి అంట్లు కట్టాను. చూపు తగ్గాక కత్తి పక్కన పెట్టి మట్టి పనికి దిగాను. అచ్చిబాబు గారు నర్సరీకి యజమాని. నా అబద్ధాలకి మొదటి శ్రోత కూడా ఆయనే.

“ఏంటి జీవరాజూ, మనసు డాక్టరంట. నిన్ను చూపిద్దామా?” అన్నారు.

“చూపించండి. నా పేరు మాత్రం రాసుకోనివ్వకండి. గవర్నమెంటు పుస్తకంలో పేరెక్కితే ఏమవుతుందో మా నాన్న గేదెకి తెలుసు.”

పక్కన మట్టి నింపుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపారు. ఇక నేను ఆగుతానా? మా నాన్నకి రాణి అని ఒక గేదె ఉండేది. పశువుల లెక్క రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా, ఎండ దెబ్బకో ఏమో, ఇంటి యజమాని అన్న గడిలో దాని పేరు రాసేశాడు. అప్పట్నుంచీ మా ఇంటికొచ్చే నోటీసులన్నీ రాణి పేరు మీదే. పేరు మార్పించడానికి మా నాన్న గేదెని తోలుకుని కాకినాడ వెళ్ళాడు. వేలిముద్ర వెయ్యమన్నారు. గిట్ట ముద్ర వేసింది. అది చెల్లదన్నారు. అలా పన్నెండేళ్ళు తిరిగాడు. ఎనిమిదో ఏట గేదె చచ్చిపోయింది. ఆ సంగతి చెబితే, గేదెని స్వయంగా వచ్చి చెప్పమన్నారు.

ఆడవాళ్ళు నవ్వి నవ్వి కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. మధ్యాహ్నం అన్నాల వేళకి ఆ కథ వాళ్ళ క్యారేజీలతో పాటు నర్సరీ దాటి వెళ్ళిపోయింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర అది నాకే ఎదురైంది. కొట్టు వీరబ్రహ్మం గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించాడు.

“మీ మనవరాలు కూడా ఆ స్కూలే కదండీ. జాగ్రత్త. ఆవిడ పేరు రాసుకున్న పిల్లలందర్నీ పిచ్చోళ్ళ లిస్టులో ఎక్కించేస్తారంట. ఆధార్‌కి కలిపేస్తారంట. రేపు ఉద్యోగానికెళ్ళినా, సంబంధం చూసినా, నంబరు నొక్కగానే బయటికొచ్చేస్తుందంట.”

“ఎవరు చెప్పారయ్యా?”

“నర్సరీలో పెద్దాయనెవరో అన్నాడంట. వాళ్ళ నాన్నకే జరిగిందంట పాపం.”

నా గేదే వేషం మార్చుకుని వచ్చి నా ముందు నిలబడిందని నాకు తెలుసు. అయినా టీ సగంలో వదిలేసి ఇంటిదారి పట్టాను. నా అబద్ధం నా నోట్లో ఉన్నంతసేపూ నాకు లోకువే. ఇంకొకరి నోట్లోంచి వచ్చేసరికి నిజంలా వినపడింది.

మా ఇంట్లో అప్పుడు నలుగురం. నేను, మా ఆవిడ సంపూర్ణమ్మ, కోడలు తబిత, ఆరో తరగతి చదివే మనవరాలు దీవెన. మా అబ్బాయి సాల్మన్ లారీ డ్రైవరు. ఇక్కడి మొక్కలు రాజస్థాన్ దాకా తీసుకెళ్తాడు. ఆ ఏప్రిల్‌లో ఒడిశాలో బండి బోల్తా పడి చెయ్యి విరిగింది. ఆ కబురు చెప్పడానికి ఎవరో ఫోన్ చేస్తే ఎత్తింది దీవెన. అవతలివాళ్ళు చిన్నపిల్ల అని కూడా చూడకుండా, మనిషి ఉన్నాడో లేడో తెలీదని చెప్పి పెట్టేశారు. ఉన్నాడని మాకు తెలిసేసరికి నాలుగు గంటలు పట్టింది. సాల్మన్ ఇంటికొచ్చాడు, చెయ్యి అతుక్కుంది, జూన్‌లో మళ్ళీ స్టీరింగు పట్టుకుని వెళ్ళాడు. వెళ్ళిన మర్నాటి నుంచి పిల్లకి ఒక ఇబ్బంది మొదలైంది. అదేంటో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

ఆ ఇబ్బంది సంగతి అలా ఉంచండి. నాకు అంతకంటే గుచ్చుకున్నది ఇంకొకటుంది. దీవెన నా కథలకి కొలతలు చూసే పిల్ల. “తాతా, మొసలి నిన్న ఎనిమిది మూరలన్నావు, ఇవాళ పది ఎలా అయింది?” అని పట్టుకునేది. ఆ జూన్‌లో నేను మొసలిని పద్దెనిమిది మూరలు చేశాను. పిల్ల కంచంలో అన్నం కెలుకుతూ “ఊఁ” అంది.

మర్నాడే స్కూలు నుంచి ఒక కాగితం తెచ్చింది. కౌన్సిలర్ మేడంతో మాట్లాడ్డానికి ఇంట్లోవాళ్ళ ఒప్పుదల ఉండాలట. కింద సంతకం పెట్టాలి.

“నేను పెట్టేస్తాను మావయ్యా,” అంది తబిత, చెయ్యి తుడుచుకుంటూ.

నేను కాగితం ముందు లాక్కున్నాను. మా ఇంట్లో కాగితాల పెద్దరికం నాది. ఐదో తరగతే అయినా, ఊళ్ళో అర్జీలన్నీ ఒకప్పుడు నా చేత్తోనే రాయించుకునేవారు.

“సంతకం పెడితే పేరెక్కుతుంది. ఎక్కితే దిగదు. మన పిల్లకేమైందని?”

“ఏమైందో మీకు తెలీదా?” అంది తబిత. కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

“మనుషులకెందుకు చెప్పుకోవడం? దేవుడికి చెప్పుకుందాం,” అంది సంపూర్ణమ్మ.

ఆ మాట నాకు నచ్చింది. దేవుడు ఆధార్‌కి కలపడు. మా చర్చి వాకిట్లో తాళం వేసిన చెక్క పెట్టె ఉంటుంది. ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. ఆదివారం ప్రసంగం అయ్యాక ఆరోన్ అయ్యగారు ఒక్కో చీటీ విప్పి, పేరుతో సహా మైకులో చదువుతారు. సంఘమంతా కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంది. మా అమ్మ కడుపునొప్పి, మా బావ తాగుడు, నా మొలలు, అన్నీ ఆ మైకులో చదివినవే. దాన్ని బయట పెట్టడమని ఎవరమూ అనుకోం. ఇంటిల్లిపాదీ పీటలేసుకుని కూర్చున్నప్పుడు చెప్పుకున్నట్టే మాకది.

శనివారం సాయంత్రం నేనే చీటీ రాశాను. రాస్తే వివరంగా రాయాలి కదా. పిల్ల పేరు, వయసు, తరగతి, ఇబ్బంది ఏమిటి, ఎప్పట్నుంచి, వారానికి ఎన్నిసార్లు, అన్నీ వరసగా రాశాను. దేవుడికి అన్నీ తెలిసినా, అయ్యగారికి తెలియాలి కాబట్టి.

ఆదివారం అయ్యగారు ఆ చీటీ విప్పి, “జీవరాజు గారి చేతిరాతండీ, అచ్చు గుద్దినట్టుంటుంది,” అని మెచ్చుకుని మరీ చదివారు. ఒక్క అక్షరం వదల్లేదు. నేను అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

సండే స్కూలు పిల్లలు ముందు చాప మీద కూర్చుంటారు. వెనక నుంచి నాకు దీవెన రెండు జడలూ కనబడుతున్నాయి. ఎడమ జడ రిబ్బను వదులైంది. పక్కనున్న పిల్లలు అటూ ఇటూ కొంచెం కొంచెంగా జరిగారు. చాప మధ్యలో దానికొక్కదానికే బోలెడంత జాగా ఏర్పడింది. చోటిచ్చారు, మర్యాద తెలిసిన పిల్లలు, అనుకున్నాను.

ఆశీర్వాదం అయ్యాక చూస్తే అది లేదు. చెప్పులు చర్చి మెట్ల దగ్గరే ఉన్నాయి. బురదలో ఒట్టి కాళ్ళతో ఇంటికి వెళ్ళిపోయింది. చెప్పులు చేత్తో పట్టుకుని వస్తూ, పిల్లకి మతిమరుపు కూడా మొదలైందేమో, వచ్చే వారం అదీ రాయాలి అనుకున్నాను.

సోమవారం దీవెన కడుపునొప్పంది. మంగళవారం కూడా అంది. నర్సరీలో నాతో పాటే పనిచేసే తబితని ఒకావిడ మెంతులు పెట్టమంది, ఇంకొకావిడ తనకి తెలిసిన ఆయుర్వేదం ఆయన ఉన్నాడంది. అందరూ మంచికే చెప్పారు. బుధవారం సంపూర్ణమ్మ కుళాయి దగ్గర్నుంచి బిందె సగంలోనే తీసుకుని వచ్చేసింది.

“స్కూల్లో పిల్లలు దీనికొక పేరు పెట్టారంటండి,” అంది. ఆ పేరు నా చెవిలో చెప్పింది. అది కూడా రాయను.

నాకు ఒళ్ళు మండిపోయింది. “స్కూల్లో ఎలా తెలిసింది? చెప్పానా? ఆ స్కూటరు మేడమే.”

“మనం సంతకమే పెట్టలేదు కదా మావయ్యా,” అంది తబిత.

“పెట్టకపోతే ఊరుకుంటారా? మా గేదె పెట్టిందా సంతకం?”

తబిత తడిబట్టలు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. దండెం మీద ఆ రోజు బట్టలు ఎక్కువున్నాయి.

గురువారం పొద్దున్నే అచ్చిబాబు గారిని వెంటబెట్టుకుని స్కూలుకి వెళ్ళాను. సైన్సు సామాను పెట్టే పాత గదిలో ఆవిడకి చోటిచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. పేరు సుప్రియ. బల్ల మీద అట్ట వేసిన పుస్తకం ఒకటుంది. మమ్మల్ని చూడగానే దాన్ని మూసింది. అదిగో, దొరికిపోయింది అనుకున్నాను.

“ఆ పుస్తకం ఒకసారి చూపించమ్మా.”

“చూపించనండి.”

“మా పిల్ల దీవెన పేరు అందులో ఉందో లేదో చెప్పు. చాలు.”

“అది కూడా చెప్పనండి.”

“నేను దాని తాతని.”

“సరేనండి. కూర్చోండి తాతగారూ. మంచినీళ్ళు తాగుతారా?”

అచ్చిబాబు గారు గొంతు సవరించుకున్నారు. “అమ్మా, ఈ స్కూలుకి బెంచీలిచ్చింది నేనే.”

“బెంచీలు బావున్నాయండి. ఇప్పుడు మీరు కూర్చోబోయేది కూడా అదే. పుస్తకం మాత్రం చూపించను.”

నేను గొంతు పెంచాను. గవర్నమెంటు గుమాస్తాల దగ్గర్నుంచి గిట్ట ముద్ర దాకా ఎన్నో అన్నాను. ఆవిడ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని వింది. కేకలకి హెడ్మాస్టరు రాజరత్నం వచ్చాడు. మా సంఘంలోనివాడే, నన్ను బాబాయ్ అంటాడు.

“మొదటివారంలో నేనూ అడిగాను బాబాయ్. నాక్కూడా చూపించలేదు,” అన్నాడు.

“అయితే మా ఇంట్లో మాట స్కూలంతా ఎలా తెలిసింది మేష్టారూ? పిల్లకి పేర్లు పెడుతున్నారు. నాలుగు రోజుల్నుంచి అన్నం లేదు దానికి.”

రాజరత్నం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

“ఆదివారం నేను మూడో వరసలో ఉన్నాను బాబాయ్,” అన్నాడు. “మైకు బాగానే వినపడింది.”

బయట రేకుల మీద వాన పడుతోంది. సుప్రియ మేడం గ్లాసులో నీళ్ళు పోసి నా ముందు పెట్టింది. తాగాను. ఇంకో గ్లాసు పోసింది. అదీ తాగాను.

తిరిగి వస్తుంటే అచ్చిబాబు గారు గొడుగు నా మీదికి వంచి, “మైకేంటి జీవరాజూ?” అన్నారు.

“ఏం లేదండి,” అన్నాను. ఆయన అడిగినదానికి నేను కథ చెప్పకపోవడం నలభై ఏళ్ళలో అదే మొదలు.

దీవెన పెరటి గుమ్మంలో కూర్చుని ప్లాస్టిక్ కాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరిస్తోంది. అంట్లు కట్టడానికి నర్సరీకి కావాలి. వాళ్ళమ్మకి సాయం. నేను పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

“ఆ చీటీ నేనే రాశానమ్మా.”

“తెలుసు తాతా. అయ్యగారు చెప్పారుగా, అచ్చు గుద్దినట్టుందని.”

కత్తెర ఆడుతూనే ఉంది. ఉన్నదే చెప్పాను. “స్కూలుకెళ్ళి ఆ మేడం మీద కేకలేసి వచ్చాను.”

“ఎందుకు?”

“పుస్తకం చూపించమని.”

కత్తెర ఆగింది. “చూపించిందా?”

“లేదు.”

“గట్టిగా అడగలేదేమో నువ్వు.”

“అచ్చిబాబు గారు బెంచీల సంగతి కూడా ఎత్తారు. అయినా చూపించలేదు.”

“హెచ్చెం గారికి?”

“ఆయనకీ చూపించలేదంట.”

పిల్ల నా మొహంలోకి చూసింది. అలా చూసి ఎన్నాళ్ళైందో. “ఇది మామూలు నిజమా? గేదె నిజమా?”

“మామూలు నిజం.”

ఇంకో నాలుగు పట్టీలు కత్తిరించింది. కత్తెర పక్కన పెట్టింది.

“ఆ కాగితం ఎక్కడ పెట్టావు?”

బియ్యం డబ్బా కింద ఉందన్నాను. అదే వెళ్ళి తెచ్చింది. మడత విప్పితే కింద తబిత సంతకం అప్పటికే ఉంది. పిల్ల తనంతట తాను అడిగేదాకా తబిత ఆగిందట. దాని పక్కన నా సంతకం పెట్టాను. అదొక్కటీ అచ్చు గుద్దినట్టు రాలేదు.

తరవాతి గురువారం సైకిలు మీద నేనే తీసుకెళ్ళాను. మెట్ల దాకా వచ్చి నా చొక్కా పట్టుకుని నిలబడింది. సుప్రియ మేడం లోపల్నుంచి పిలవలేదు, బయటికీ రాలేదు. తలుపు తీసి ఉంచిందంతే. కాసేపటికి పిల్ల చొక్కా వదిలింది.

నేను వరండాలో కూర్చున్నాను. అనుమానం పోలేదండి, అబద్ధమాడను. లోపల కంప్యూటరు చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి గోడకి ఆనించాను. ఏదీ వినపడలేదు. ముప్పావుగంటకి దీవెన బయటికొచ్చింది. మొహంలో ఏ తేడా లేదు.

ఏమడిగింది, నువ్వేం చెప్పావు అని నాలుక చివర దురద. అంటు కట్టిన వారానికే పట్టీ విప్పి చూసే కొత్త పనివాళ్ళని నలభై ఏళ్ళు తిట్టినవాణ్ణి. నోరు మూసుకుని సైకిలు తొక్కాను.

ఇబ్బంది ఒక్కసారిగా పోలేదు. తగ్గింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. స్కూల్లో ఆ పేరు ఇంకో నెల నడిచి, పిల్లలకి వేరే ఆట దొరికాక ఆగింది. నాకు కనబడిన మార్పు ఒకటే. సాల్మన్ రోజూ పొద్దున్న ఏడింటికి బండి పక్కకి ఆపి ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ ఫోన్ దీవెనే ఎత్తాలి. ఎక్కడున్నాడో చెబుతాడు, అది గోడమీది ఇండియా బొమ్మలో చుక్క పెట్టుకుంటుంది. ఇది ఎవరి ఆలోచనో నేనడగలేదు.

ఆగస్టు చివర ఒక గురువారం సుప్రియ మేడం స్కూటరు స్టార్టు కాక అవస్థ పడుతుంటే నేను దగ్గరికి వెళ్ళాను.

“ఏడాది అయిపోయాక ఆ పుస్తకం ఏం చేస్తారమ్మా? ఏ బీరువాలో పెడతారు? తాళం ఎవరి దగ్గరుంటుంది?”

ఆవిడ కిక్ కొట్టడం ఆపింది. “నేనూ అదే అడుగుతున్నానండి ఆఫీసులో. రెండుసార్లు రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.”

“వచ్చేదాకా?”

“నా దగ్గరే ఉంటుంది.”

అనుమానపు మనిషి ఇంకొకరు తోడు దొరికారని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. స్కూటరు వెనక నుంచి తోశాను.

సెప్టెంబరులో, లారీల లోడింగు జోరుగా ఉన్న రోజుల్లో, ఒక శనివారం నేను మళ్ళీ పెట్టెలో చీటీ వేశాను. ఆదివారం ఆరోన్ అయ్యగారు దాన్ని విప్పారు. పైన నా పేరు చూసి, “జీవరాజు గారి మనవి,” అని మైకులో చెప్పి ఆగారు. చీటీ తిరగేశారు. మళ్ళీ మొదటి వైపు చూశారు.

“ఏంటండీ జీవరాజు గారూ, ఇందులో ఏమీ రాయలేదు.”

నేను లేచి నిలబడ్డాను. “దేవుడికి తెలుసండి అయ్యగారూ.”

చర్చిలో ఎవరో నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. చీటీని ఉన్న మడతలోనే మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. “ప్రార్థన చేసుకుందాం,” అన్నారు. ఆ ప్రార్థనలో పేర్లేమీ రాలేదు. నేను కళ్ళు మూసుకోలేదు. ముందు చాప మీద దీవెన కూడా మూసుకోలేదు. వెనక్కి తిరిగి నా వైపు చూసి, మళ్ళీ ముందుకి తిరిగింది. పక్కనున్న పిల్ల భుజం దాని భుజానికి ఆనుకునే ఉంది.

ఇంటికి వెళ్తుంటే, చెప్పులకి బురద అంటకుండా గట్టు మీద నా ముందు నడుస్తూ అడిగింది.

“తాతా, రాణి కోసం ముత్తాత కాకినాడ ఎన్నేళ్ళు తిరిగాడు?”

“పన్నెండేళ్ళు.”

“మొన్న నర్సరీలో పదిహేనన్నావంట. అమ్మ చెప్పింది.”

“ఆఫీసు పని కదమ్మా. ఆలస్యమవుతుంది.”

అది ఆగి, వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది.

“సరే, పదిహేనే. ఇంక మార్చకు.”

మార్చలేదు. ఇప్పటికీ పదిహేనే.